ఏళ్ల తర్వాత పాపసంకీర్తనం: మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలి

చిన్నప్పుడు జ్ఞానస్నానం (బాప్తిస్మం), కొత్త సత్ప్రసాదం (మొదటి కమ్యూనియన్) అన్నీ అయిపోయి, తర్వాత చదువు, ఉద్యోగం, వలస అంటూ గుడికి దూరమైన కతోలికులు చాలామంది ఉన్నారు. క్రిస్మస్‌కో పాస్కాకో (ఈస్టర్‌కో) పూజకు వెళ్తారు. అందరూ సత్ప్రసాదానికి లేచినప్పుడు తాము మాత్రం బెంచీలోనే కూర్చుండిపోతారు. పాపసంకీర్తనం, అంటే గురువు (ఫాదర్) దగ్గర పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందే సంస్కారం, చేయాలని మనసులో ఉంటుంది. ఎలా మొదలుపెట్టాలో, ఎంత చెప్పాలో, ఫాదర్ గారు ఏమంటారో తెలియక ఏడాదికేడాది వాయిదా పడుతుంది. పద్ధతి తెలిస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. పదిహేనేళ్ల పాపాలైనా సరే, సరిగ్గా సిద్ధపడి వెళ్తే లోపల పట్టేది పావుగంట.

ముందు మూడు మాటల మధ్య తేడా

క్షమాపణ, విమోచనం, ప్రాయశ్చిత్తం అనే మాటల్ని ఒకటిగా కలిపేయడం వల్లే సగం గందరగోళం. పాపాన్ని క్షమించేవాడు దేవుడు. ఆ క్షమాపణ గురువు నోటి మాటగా మన చెవిన పడి మనకు దక్కడమే పాపవిమోచనం. ఉత్థానమైన రోజు సాయంకాలం యేసు శిష్యుల మీద శ్వాస ఊది, మీరు ఎవరి పాపాలను క్షమిస్తే అవి వారికి క్షమింపబడతాయని చెప్పాడు (యోహాను 20:22-23). శ్రీసభ (కతోలిక సంఘం) ఈ సంస్కారాన్ని ఆ మాట మీదే నిలబెట్టింది. ఇక ప్రాయశ్చిత్తం అంటే క్షమాపణకు చెల్లించే వెల కాదు. పక్కింటి ప్రహరీ గోడను కూల్చినవాడిని ఆ ఇంటాయన మనసారా క్షమించవచ్చు. కూలిన గోడ మాత్రం ఇంకా కూలే ఉంటుంది, దాన్ని తిరిగి కట్టాలి కదా. ప్రాయశ్చిత్తం ఆ కట్టడం.

మీ వైపు నుంచి కావలసినవి మూడని మేత్రాణులు (బిషప్పులు) కూడిన ట్రెంట్ మహాసభ 1551లో స్పష్టంగా చెప్పింది: మనస్తాపం (చేసిన పాపానికి పశ్చాత్తాపపడటం), పాపాలను నోటితో ఒప్పుకోవడం, ప్రాయశ్చిత్తం. గురువు వైపు నుంచి కావలసింది విమోచన వాక్యం. మనసు తేలికపడటం, కన్నీళ్లు రావడం ఈ లెక్కలో లేవు. వస్తే మంచిదే, రాకపోయినా సంస్కారం చెల్లుతుంది. చాలామంది ఇక్కడే పొరబడి, ఏమీ అనిపించలేదు కాబట్టి క్షమాపణ దొరకలేదేమో అనుకుంటారు.

మీ పరిస్థితి ఏమిటో ముందు చూసుకోండి

జ్ఞానస్నానం పొందనివారు పాపసంకీర్తనం చేయలేరు. వారికి పాపాలన్నీ జ్ఞానస్నానంలోనే కడిగివేయబడతాయి. మీరు వేరే సంఘంలో బాప్తిస్మం తీసుకుని కతోలిక శ్రీసభలోకి రావాలనుకుంటుంటే, విచారణ (పారిష్) గురువుతో మాట్లాడి ఉపదేశం మొదలుపెట్టడం తొలి పని.

మన దగ్గర తరచుగా ఎదురయ్యేది పెళ్లి చిక్కు. రిజిస్టరు ఆఫీసులోనో, అనుమతి లేకుండా వేరే సంఘంలోనో, ఇతర మతాచారం ప్రకారమో పెళ్లి చేసుకుని కాపురం చేస్తున్న కతోలికులకు శ్రీసభ దృష్టిలో ఆ వివాహం ఇంకా చెల్లుబాటు కాలేదు. దాన్ని సరిచేసుకునే ఉద్దేశం లేకుండా నేరుగా పాపసంకీర్తనానికి వెళ్తే గురువు విమోచనం ఇవ్వలేకపోవచ్చు, మీరు నొచ్చుకుని వెనక్కి వస్తారు. అందుకే ముందు ఒక మామూలు రోజున ఫాదర్ గారిని ఆఫీసులో కలిసి పరిస్థితి చెప్పండి. ఇద్దరికీ ఇంతకుముందు వేరే పెళ్లి లేకపోతే, చాలా సందర్భాల్లో పత్రాలు తెచ్చుకుని వివాహాన్ని సక్రమం చేసుకోవడం మీరు భయపడినంత కష్టం కాదు. జ్ఞానస్నాన పత్రం మీరు జ్ఞానస్నానం పొందిన విచారణలో దొరుకుతుంది.

గర్భస్రావం చేయించుకున్నవారు, చేయించినవారు, దాన్ని విమోచించాలంటే మేత్రాణుల దాకా పోవాలేమోనని బెదిరి ఆగిపోతుంటారు. 2016 నవంబరు 20 తేదీతో పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన లేఖ ప్రకారం ఆ పాపాన్ని విమోచించే అధికారం పాపసంకీర్తనం వినే గురువులందరికీ ఉంది. అత్తింటివారి ఒత్తిడితోనో, బెదిరిస్తేనో జరిగి ఉంటే ఆ సంగతీ చెప్పండి. బలవంతం ఎంత ఉంటే బాధ్యత అంత తగ్గుతుంది. అలాగే మీ మీద ఎవరైనా లైంగికంగా దౌర్జన్యం చేసి ఉంటే అది మీ పాపం కానే కాదు. దాన్ని పాపాల పట్టీలో రాసుకోకండి.

ఎప్పుడు, ఎవరి దగ్గరికి

ఆదివారం పూజకు అయిదు నిమిషాల ముందు వెళ్లకండి. అది వారం వారం చేసేవారికి సరిపోవచ్చు, ఏళ్ల తర్వాత వచ్చేవారికి చాలదు. గుర్తు తెలియని జనం మధ్య చేస్తేనే తేలిక అనిపిస్తే ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే గుణదల మాత ఉత్సవాల లాంటి చోట్లు నయం. అక్కడ వరుస పొడుగ్గా ఉంటుంది కాబట్టి సుదీర్ఘ సలహా మాత్రం ఆశించకండి. తపస్కాలంలో (ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్) చివరి వారం కూడా అంతే. తీరిక కావాలంటే ఫోన్ చేసి, చాలా ఏళ్ల తర్వాత పాపసంకీర్తనం చేయాలనుకుంటున్నాను, అరగంట సమయం ఇవ్వగలరా అని అడగండి. పేరు చెప్పనక్కర్లేదు.

మీ ఊరి గురువుకు చెప్పడం ఇబ్బందైతే పక్క విచారణకు వెళ్లండి. నచ్చిన గురువును ఎంచుకునే హక్కు శ్రీసభ చట్టంలో 991వ నిబంధన ఇస్తుంది, వేరే కతోలిక రీతికి చెందిన గురువైనా సరే. హైదరాబాదులో ఉన్నవారు సిరో మలబారు గుడిలో కూడా చేయవచ్చు. జాలీ అడ్డం ఉన్న చోటు అడగడం కూడా మీ హక్కే.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి అక్కడి భాషలో చెప్పలేకపోతే పాపాలను ఆ భాషలో కాగితం మీద రాయించుకుని చదవవచ్చు. దుబాసి సాయంతో చెప్పడానికీ 990వ నిబంధన అనుమతిస్తుంది, ఆ దుబాసి కూడా విన్నది బయటపెట్టకూడదు. అయితే దానికన్నా తెలుగు గురువు సెలవుకు వచ్చేదాకా, లేదా తెలుగు పూజ జరిగే ఆదివారం దాకా ఆగడం మేలని మా సలహా. పాపం మాతృభాషలోనే సూటిగా వస్తుంది.

ఫోన్‌లో, వీడియో కాల్‌లో, వాట్సాప్‌లో పాపసంకీర్తనం లేదు. ఇంటర్నెట్ ద్వారా సంస్కారాలు ఉండవని రోమ్ 2002లోనే చెప్పింది. కరోనా కాలంలోనూ ఈ నియమం మారలేదు. ఫోన్‌లో ప్రార్థించమని అడగవచ్చు, సలహా తీసుకోవచ్చు. విమోచనానికి మాత్రం మనిషి ఎదుట ఉండాలి.

అంతరాత్మ పరిశోధన

అసలు శ్రమ ఇక్కడ ఉంది. అరగంట కేటాయించండి. ఏళ్ల తర్వాతైతే రెండు రోజుల్లో రెండు విడతలుగా చేయండి, ఎందుకంటే మొదటి రోజు గుర్తుకొచ్చేవి మీకు సిగ్గనిపించినవి, రెండో రోజు గుర్తుకొచ్చేవి ఇతరులకు నష్టం చేసినవి. ముందు పవిత్రాత్మకు చిన్న ప్రార్థన చేసుకోండి. పది ఆజ్ఞలను ఒక్కొక్కటిగా చూస్తూ పోండి.

అంకెల విషయంలో ఒక జాగ్రత్త. కతోలికుల లెక్కలో వ్యభిచారం ఆరో ఆజ్ఞ, దొంగతనం ఏడోది. బాప్టిస్టులు, మరికొన్ని సంఘాలవారు వ్యభిచారాన్ని ఏడోదిగా, దొంగతనాన్ని ఎనిమిదోదిగా లెక్కిస్తారు. ఆరో ఆజ్ఞ మీరానని అంకెతో చెబితే గందరగోళం రావచ్చు. పాపం పేరే చెప్పండి.

తప్పనిసరిగా చెప్పవలసినవి చావైన పాపాలు. ఒక పాపం అలాంటిదని అనాలంటే మూడూ ఉండాలి: విషయం తీవ్రమైనదై ఉండాలి, అది తీవ్రమని తెలిసి ఉండాలి, తెలిసీ పూర్తి ఇష్టంతో చేసి ఉండాలి. ఒకటి లోపించినా అది స్వల్ప పాపమే. స్వల్ప పాపాలు చెప్పడం తప్పనిసరి కాదు, చెబితే మేలు.

పుస్తకాల్లో దొరికే పరిశోధన పట్టీలు ఎక్కువగా ఎక్కడో వేరే సమాజాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన జీవితానికి తగినట్టు ఇలా అడుక్కోండి. తగిన కారణం లేకుండా ఆదివారం పూజ ఎన్నాళ్లు మానాను? జబ్బు, చంటిబిడ్డ, సెలవివ్వని డ్యూటీ తగిన కారణాలే. సోదె, జాతకం, చేతబడి, తాయెత్తుల జోలికి వెళ్లానా? ముసలి తల్లిదండ్రులకు డబ్బు పంపడం మానేశానా, వాటాలు వేసి వారిని ఇంటింటికీ తిప్పానా? కోడలిని కట్నం కోసం వేధించానా, వేధిస్తుంటే చూస్తూ ఊరుకున్నానా? కడుపులో ఉన్నది ఆడపిల్లో మగపిల్లాడో తెలుసుకోవాలని స్కానింగ్ చేయించానా? తాగి భార్యను కొట్టానా? కూలీల డబ్బు ఎగ్గొట్టానా? చిట్టీ పాడుకుని మిగతా వాయిదాలు కట్టడం మానేశానా? తమ్ముడి వాటా భూమి నా పేరున రాయించుకున్నానా? లంచం తీసుకున్నానా? ఓటు అమ్ముకున్నానా? ఫోన్‌లో అశ్లీలం చూశానా, ఎవరి ఫొటోనైనా పంపించానా? ఒక ఆడమనిషి గురించి రుజువు లేని మాట పదిమందికి చేరవేశానా?

కులం గురించి విడిగా చెప్పాలి. మన విచారణల్లో కొందరు ఆదివారం ఒకే బల్ల దగ్గర సత్ప్రసాదం తీసుకుని, సోమవారం తోటి క్రైస్తవుణ్ణి కులం పేరుతో తక్కువ చేసి మాట్లాడతారు, వారితో పిల్లల పెళ్లి మాట వస్తే ముఖం తిప్పుకుంటారు. దాన్ని పాపంగా ఎవరూ చెప్పుకోరు, ఎందుకంటే అది పాపమని అనిపించదు. ఈ ప్రశ్న మాత్రం దాటవేయకండి.

చావైన పాపానికి రకమూ సంఖ్యా చెప్పాలని 988వ నిబంధన. ఏళ్ల నాటి వాటికి ఖచ్చితమైన సంఖ్య దొరకదు, అక్కర్లేదు కూడా. సుమారుగా చెప్పండి: నెలకు రెండు మూడుసార్లు, నాలుగేళ్ల పాటు. పాపం స్వభావాన్ని మార్చే వివరం కూడా చెప్పాలి. దొంగతనం చేశానంటే చాలదు. పదివేలు దొంగిలించడం ఒకటి, విధవరాలి పింఛను కాజేయడం ఇంకొకటి. అక్రమ సంబంధం ఉందంటే, మీకు గానీ అవతలివారికి గానీ పెళ్లైందో లేదో చెప్పాలి.

జ్ఞాపకం కోసం చిన్న కాగితం మీద ముక్తసరిగా రాసుకోవచ్చు. పేర్లు రాయకండి, పొడి అక్షరాలు చాలు. ఫోన్‌లో రాయకండి, అది ఇంట్లో ఎవరి చేతికైనా చిక్కవచ్చు. పని అయిన వెంటనే చింపేయండి.

మనస్తాపం ఉందో లేదో తెలిసేదెలా

శిక్షకు, నరకానికి భయపడి కలిగే పశ్చాత్తాపాన్ని అసంపూర్ణ మనస్తాపం అంటారు. పాపసంకీర్తనానికి అది సరిపోతుంది. ఇంత ప్రేమించిన దేవుణ్ణి నొప్పించానే అన్న బాధ ఉత్తమ మనస్తాపం. ఇలాంటి మనస్తాపంతో, వీలైనంత త్వరలో పాపసంకీర్తనం చేస్తానన్న గట్టి తీర్మానంతో ఉన్నవారికి, గురువు అందుబాటులో లేకపోయినా చావైన పాపాలు కూడా అప్పుడే క్షమింపబడతాయి. ప్రమాదంలో ఉన్నవారు, సముద్రంలో వేటకు వెళ్లినవారు ఈ సంగతి తెలుసుకోవడం అవసరం. అయినా మామూలు పరిస్థితుల్లో సంకీర్తనం చేశాకే సత్ప్రసాదం తీసుకోవాలి.

పరీక్ష కన్నీళ్లతో కాదు, తీర్మానంతో. ఇకముందు ఈ పాపం చేయకుండా ఉండటానికి ఒక్క నిర్దిష్టమైన పని చేయడానికి మీరు సిద్ధమా? ఆ నంబరు తీసేయడం, ఆ బెల్టు షాపు దారి మార్చుకోవడం, రాత్రి ఫోన్ హాల్లో పెట్టి పడుకోవడం. సిద్ధమైతే మనస్తాపం ఉన్నట్టే. మళ్లీ పడిపోతానేమో అన్న భయం ఉన్నా ఫర్వాలేదు, భయం వేరు, ఉద్దేశం వేరు. అక్రమ సంబంధం కొనసాగిస్తూనే విమోచనం మాత్రం కావాలనుకుంటే మనస్తాపం లేదు. అప్పుడు గురువు విమోచన వాక్యం పలికినా అది పనిచేయదు.

లోపలికి వెళ్లాక

గురువు సాధారణంగా మెడలో ఊదారంగు స్టోల్ (పొడవాటి గుడ్డ పట్టీ) వేసుకుని ఉంటారు. జాలీ వెనక మోకరించవచ్చు, ఎదురుగా కుర్చీలో కూర్చోవచ్చు. సిలువ గుర్తు వేసుకోండి. తర్వాత ఇలా మొదలుపెట్టండి:

“ఫాదర్, నన్ను దీవించండి, నేను పాపిని. నేను పాపసంకీర్తనం చేసి సుమారు పన్నెండేళ్లు అయింది. పద్ధతి సరిగా గుర్తులేదు, దయచేసి సాయం చేయండి.”

ఆ చివరి వాక్యం తప్పకుండా చెప్పండి. అది విన్న గురువు మిగతాది నడిపిస్తారు. మీకు పెళ్లయిందా లేదా, ఏం పని చేస్తారు అన్నది ఒక్క మాటలో చెబితే ఆయన సలహా మీకు అతుకుతుంది.

అన్నిటికన్నా బరువైన పాపాన్ని ముందు చెప్పేయండి. చిన్న చిన్నవన్నీ చెప్పి చివర్లో చెబుదామనుకున్నవారు చాలాసార్లు అది చెప్పకుండానే లేచి వస్తారు. మొదటిది బయటపడితే మిగతావి తేలిగ్గా వస్తాయి.

వాక్యాలు చిన్నవిగా, “నేను” అనే మాటతో మొదలవ్వాలి. “ఇంట్లో గొడవలు ఉన్నాయి ఫాదర్” అన్నది పాపం చెప్పడం కాదు. “నేను నా భార్యను మూడుసార్లు కొట్టాను” అన్నది పాపం చెప్పడం. “మా అన్న మోసం చేశాడు కాబట్టి...” అని మొదలైతే అది అన్న పాపసంకీర్తనం అవుతుంది. ఇతరుల పేర్లు చెప్పకండి. శరీర సంబంధమైన పాపాలకు రకం, సంఖ్య చాలు, వర్ణన వద్దు. గురువు ఏదైనా అడిగితే విషయం అర్థం కావడానికే అడగాలి. ఆ హద్దు దాటిన ప్రశ్నలకు జవాబు చెప్పనక్కర్లేదు, లేచి వచ్చేసి వేరే గురువు దగ్గరికి వెళ్లే స్వేచ్ఛ మీకుంది.

చివర “ఇవీ, గుర్తుకురాని నా పాపాలన్నీ క్షమించమని దేవుణ్ణి వేడుకుంటున్నాను” అని ముగించండి. గురువు రెండు మాటలు సలహా చెప్పి ప్రాయశ్చిత్తం ఇస్తారు. ఆ తర్వాత ఉత్తమ మనస్తాప జపం. గుర్తులేకపోతే మీ సొంత మాటల్లో చెప్పినా చాలు: దేవా, నిన్ను నొప్పించాను, పశ్చాత్తాపపడుతున్నాను, నీ కృపతో ఇక చేయను.

అప్పుడు గురువు మీ తల మీదుగా చేయి చాచి విమోచన వాక్యం పలుకుతారు. దాన్ని వినండి. తండ్రి తన కుమారుని మరణ పునరుత్థానాల ద్వారా లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని, పాప క్షమాపణకు పవిత్రాత్మను పంపాడని అది మొదలవుతుంది. శ్రీసభ సేవ ద్వారా మీకు క్షమాపణ, శాంతి కలగాలని కోరుతుంది. పితా పుత్ర పవిత్రాత్మ నామమున నీ పాపాల నుంచి నిన్ను విముక్తుణ్ణి చేస్తున్నానన్నది ఇందులో ప్రాణవాక్యం, ఇది లేకపోతే సంస్కారం లేదు. సిలువ గుర్తు వేస్తూ దాన్ని పలికినప్పుడు “ఆమెన్” అనండి. అంతే. పన్నెండేళ్ల పాపాలు ఆ క్షణంలో పోయాయి.

ప్రాయశ్చిత్తం, నష్టపరిహారం

పరలోక జపం, మంగళవార్త జపం కొన్నిసార్లు చెప్పమంటే గుడిలోంచి బయటికి రాకముందే చెప్పేయండి. రేపు చేద్దామంటే మరిచిపోతారు. మీ వల్ల కాని ప్రాయశ్చిత్తం ఇస్తే, మధుమేహం ఉన్నవారికి ఉపవాసం లాంటిది, అక్కడికక్కడే చెప్పి మార్పించుకోండి. నిజంగా మరిచిపోతే విమోచనం రద్దు కాదు, గుర్తొచ్చినప్పుడు చేయండి. కావాలని మానేస్తే అది మరో పాపం.

గురువు చెప్పినా చెప్పకపోయినా దొంగిలించింది తిరిగి ఇవ్వాలి. జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు (లూకా 19:8), మీ మీద కనీసం తీసుకున్నంత ఇచ్చే బాధ్యత ఉంది. ఇచ్చింది మీరేనని తెలియనక్కర్లేదు, పేరు రాయకుండా కవరులో పెట్టి అందేలా చేయవచ్చు. ఒకేసారి కుదరకపోతే నెలకింతని ఇవ్వండి. సొంతదారు చనిపోతే వారసులకు, ఎవరో తెలియకపోతే బీదలకు. గుడి హుండీలో వేస్తే సరిపోతుందని అనుకోకండి, అసలు సొంతదారు తెలిసి ఉన్నప్పుడు అది అప్పు తీర్చడం కాదు. చాడీలు చెప్పి ఒకరి పరువు తీసి ఉంటే, ఎవరెవరి దగ్గర చెప్పారో వారి దగ్గరే అది అబద్ధమని చెప్పాలి. డబ్బు తిరిగి ఇవ్వడం కంటే ఇది కష్టం.

పాపసంకీర్తనానికి రుసుము లేదు. ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

ఎక్కడెక్కడ దెబ్బతింటుంది

అన్నిటికన్నా పెద్ద తప్పు ఒక చావైన పాపాన్ని సిగ్గుతో కావాలని దాచడం. అలా చేస్తే మిగతా పాపాలు కూడా క్షమింపబడవు, పైగా సంస్కారాన్ని అపవిత్రం చేసిన పాపం తోడవుతుంది. పదేళ్ల వయసులో దాచిన ఒక్క మాటతో అరవై ఏళ్ల దాకా కుమిలిపోయేవారు ఉంటారు. బయటపడే దారి సులువే: “ఫలానా ఏడాది నుంచి ఒక పాపం దాచాను, అప్పటినుంచి చేసిన పాపసంకీర్తనాలన్నీ సరిచేసుకోవాలి” అనండి. నోరు పెగలకపోతే “చెప్పలేని పాపం ఒకటుంది, మీరే అడగండి” అనండి.

మరిచిపోవడం దాచడం కాదు. నిజంగా మరిచిన పాపం మిగతావాటితో పాటే క్షమింపబడింది. సత్ప్రసాదం తీసుకోవచ్చు. వచ్చేసారి దాన్ని చెప్పండి.

పూజ మొదట్లో అందరం కలిసి చెప్పే పశ్చాత్తాప ప్రార్థన ఈ సంస్కారం కాదు, చావైన పాపాలకు అది చాలదు. తపస్కాలంలో జరిపే సామూహిక పశ్చాత్తాప ఆరాధనలో కూడా వాక్యం, పాటలు కలిసి ఉంటాయి గానీ, పాపాలు చెప్పడం, విమోచనం పొందడం ఒక్కొక్కరే చేయాలి. అందరికీ ఒకేసారి విమోచనం మరణాపాయం లాంటి తీవ్ర అవసరాల్లోనే ఉంటుంది. అప్పుడు కూడా తర్వాత వీలైనప్పుడు ఆ పాపాలను విడిగా చెప్పాలి.

విమోచనం పొందిన పాపాన్ని ప్రతిసారీ మళ్లీ చెప్పాలనిపించడం, సరిగా చెప్పానో లేదోనని రాత్రిళ్లు నిద్రపట్టకపోవడం వేరే సమస్య. అలాంటివారు ఒకే గురువును ఎంచుకుని, ఆయన చెప్పినట్టు నడవాలి. ఆయన మళ్లీ చెప్పవద్దంటే చెప్పకూడదు. చేతులు పదేపదే కడుక్కోవడం లాంటి అలవాట్లు కూడా ఉంటే మానసిక వైద్యుణ్ణి కలవడం విశ్వాసలోపం కాదు.

రహస్యం సంగతి

గురువు విన్నది మాటతో గానీ, సైగతో గానీ, మరే విధంగా గానీ బయటపెట్టకూడదు (983వ నిబంధన). నేరుగా బయటపెట్టినవారికి ఆ క్షణంలోనే వెలివేత వర్తిస్తుంది, దాన్ని తీసేసే అధికారం రోముకే ఉంది. మీరు అనుమతిస్తే తప్ప తర్వాత మీతో కూడా ఆ ప్రస్తావన తేకూడదు. విన్నదాన్ని విచారణ నడపడంలో వాడుకోకూడదు. మీరు గుమాస్తాగా డబ్బు కాజేశారని పాపసంకీర్తనంలో తెలిసినంత మాత్రాన మిమ్మల్ని పదవి నుంచి తీసేయలేరు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. రహస్యం ఇంత గట్టిది కాబట్టి, అక్కడ చెప్పినదాని ఆధారంగా గురువు మీకు బయట సాయం చేయలేరు. ఇంట్లో కొడుతున్నారు, పిల్లమీద ఎవరో దౌర్జన్యం చేస్తున్నారు, చచ్చిపోవాలనిపిస్తోంది అనే సంగతులను పాపసంకీర్తనం బయట, ఆఫీసులో, మళ్లీ చెప్పండి. అప్పుడే ఆయన మరొకరికి ఫోన్ చేయగలరు, మీ వెంట రాగలరు.

ఇతర సంఘాల్లో

లూథరన్లు ఏకాంత పాపవిమోచనాన్ని తీసేయలేదు. వారి విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు దాన్ని ఉంచాలనే అంటుంది. కాకపోతే పాపాలన్నీ లెక్కపెట్టి చెప్పాలని అడగదు. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర సువార్త లూథరన్ సంఘ సభ్యులు తమ పాస్టరుగారిని దీని కోసం అడగవచ్చు, అడిగేవారు తక్కువే అయినా. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఆరాధనలో అందరూ కలిసి ఒప్పుకున్నాక ప్రెస్బిటరుగారు (పాస్టరు) క్షమాపణ ప్రకటిస్తారు. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో గురువు ద్వారా విమోచనం లేదు. మన పాపాలను ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడన్న వాక్యం (1 యోహాను 1:9) ఆధారంగా నేరుగా దేవునికే ఒప్పుకుంటారు. కాగా నష్టపరిహారం, పొరుగువాడితో సమాధానపడటం అన్నవి అన్ని సంఘాలకూ ఒకటే.

మళ్లీ ఎప్పుడు, ఇంట్లో జబ్బు మనిషి ఉంటే ఎలా

చావైన పాపాలున్నవారు ఏడాదికి ఒక్కసారైనా చెప్పాలన్నది 1215 నుంచి ఉన్న నియమం. అది కనీస హద్దు. ఏళ్ల తర్వాత తిరిగి వచ్చినవారు మొదటి ఆరు నెలలు నెలకొకసారి చేస్తే మంచిది, పాత అలవాట్లు ఆ ఆరు నెలల్లోనే వెనక్కి లాగుతాయి. పడిపోతే సిగ్గుపడి మళ్లీ పదేళ్లు ఆగకండి, అదే వారం వెళ్లండి.

ఇంట్లో పెద్దవారు మంచాన పడితే గురువును తెలివి ఉండగానే పిలవండి. ఫాదర్ గారు వస్తే చచ్చిపోతామని రోగి బెదురుతారేమోనని చివరి గంట దాకా ఆగడం మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు. మాట పడిపోయినా తెలివి ఉంటే సైగలతో ఒప్పుకోవచ్చు, తెలివే పోతే పాపాలు చెప్పుకోవడం కుదరదు, అప్పుడూ అవస్థాభ్యంగనం (రోగికి తైలం పూసే సంస్కారం) ఇవ్వవచ్చు. మరణాపాయంలో ఏ గురువైనా విమోచనం ఇవ్వగలరు, గురుత్వ సేవ నుంచి తప్పుకున్నవారైనా సరే (976వ నిబంధన). అందుకని మీ విచారణ గురువు ఊళ్లో లేకపోతే ఎవరు దగ్గరుంటే వారిని పిలవండి. మంచం పక్కన చిన్న బల్ల, దాని మీద తెల్లని గుడ్డ, సిలువ, కొవ్వొత్తి, గ్లాసులో మంచినీళ్లు పెట్టండి. చెవుడు ఉంటే ముందే గురువుకు చెప్పండి, ఆయన మంచానికి దగ్గరగా కూర్చుంటారు. టీవీ ఆపండి. పిల్లలతో సహా అందరూ వీధి గుమ్మం దాకా వెళ్లిపోండి, ఆయనే తలుపు తీసి పిలిచేదాకా లోపలికి రావద్దు.